ఇంట్లో ఇంజన్ కట్టేటప్పుడు బోల్టు ఎంత బిగించాలి?

సింగరాయకొండ నుంచి ఒక తమ్ముడు అడిగాడు. వాళ్ల నాన్న వాడిన 80ల నాటి బుల్లెట్ 350 ఇంజన్‌ని ఇంట్లోనే విప్పి, బోరు చేయించి, కొత్త పిస్టన్ తెచ్చుకుని ఇప్పుడు తిరిగి కడుతున్నాడు. పాత స్క్రూలు తుప్పు పట్టాయని ఇంజన్ పక్కన ఉండే టైమింగ్ కవర్‌కి కొత్త 6 మి.మీ. ఆలెన్ బోల్టులు (తలలో ఆరు పలకల గుంట ఉండేవి) కొన్నాడు. రెండు బోల్టులు సాఫీగా ఎక్కాయి కానీ బిగించబోతే ఊరికే తిరుగుతున్నాయి. టార్క్ రెంచ్ (తిప్పే బలాన్ని కొలిచి, పెట్టిన అంకె అందగానే టిక్కుమనే పానా) లేదు. చేతికి గట్టిగా తగిలేదాకా బిగిస్తే చాలదా, హెడ్డు (సిలిండర్ పై మూత) నట్లు ఎలా బిగించాలి, థ్రెడ్‌కి ఆయిల్ రాయాలా వద్దా అన్నవి అతని ప్రశ్నలు.

తమ్ముడూ, ముందు మిగతా ఆలెన్ బోల్టులు ఎక్కించడం ఆపు. ఏ అడ్డూ లేకుండా వదులుగా ఎక్కి, బిగువు వచ్చే వేళకి జారిందంటే నాకు మొదట వచ్చే అనుమానం ఆ రంధ్రం 6 మి.మీ. ది కాదని. బుల్లెట్ ఇంగ్లండు బండి. 1955లో మద్రాసులో పని మొదలైనా అంగుళాల మరలతోనే వచ్చింది, చాలాకాలం అలాగే నడిచింది. పావు అంగుళం అంటే 6.35 మి.మీ. ఆ సైజులో అంగుళానికి 26 చుట్లు ఉండే రకం ఒకటుంది. మన 6 మి.మీ. బోల్టుకి ఒక్కో చుట్టు 1 మి.మీ., అంటే అంగుళానికి 25.4 చుట్లు. రెండూ ఎంత దగ్గరో చూడు. అందుకే లోపలికి దిగిపోతుంది. కానీ బోల్టు సన్నం కాబట్టి థ్రెడ్ అంచులు మాత్రమే ఒకదానికొకటి ఆనుతాయి. బలం పడగానే ఆ అంచులు చెక్కుకుపోతాయి. పోయేది మెత్తటి అల్యూమినియంలో ఉన్న థ్రెడ్డే, బోల్టుకి ఏమీ కాదు.

థ్రెడ్ గేజ్ (మర చుట్ల దూరం చూసే పళ్ల రేకుల కట్ట) ఒకటి కొను. మిల్లీమీటర్లూ అంగుళాలూ రెండూ ఉన్నది తీసుకో, పెద్ద ఖరీదేం కాదు. పారేయకుండా ఉంచిన పాత స్క్రూ మీద ఒక్కో రేకు పెట్టి, వెలుతురుకి ఎదురుగా పట్టుకుని చూడు. సందు కనబడకుండా కూర్చున్న రేకే సరైనది. నలభై ఏళ్లలో ఎన్ని చేతులు మారిందో ఆ ఇంజన్, ఎవరెవరు ఏ రంధ్రానికి ఏ ట్యాప్ (రంధ్రంలో మర కోసే పనిముట్టు) కొట్టారో తెలియదు. కాబట్టి ఒక స్క్రూ చూసి మిగతావన్నీ అంతేనని అనుకోకు, ప్రతి రంధ్రాన్నీ విడిగా చూడు. పెద్ద సైజుల్లో తేడా ఇంకో రకంగా బయటపడుతుంది. 5/16 అంగుళం అంటే 7.94 మి.మీ., దాదాపు 8 మి.మీ. కానీ అంగుళానికి 22 చుట్లు ఉండే రకంలో 8 మి.మీ. మామూలు బోల్టు పెడితే రెండు మూడు చుట్లకే పట్టేస్తుంది. అక్కడ పానా వేసి బలవంతం చేసినవాళ్లు పోగొట్టిన క్రాంక్‌కేసులు (ఇంజన్ అడుగు పెట్టెలు) మా షెడ్డుకి ఇప్పటికీ వస్తూనే ఉంటాయి.

ఇక బిగువు సంగతి. బోల్టుని బిగిస్తున్నాం అంటే నిజానికి దాన్ని కొద్దిగా సాగదీస్తున్నాం. సాగిన ఉక్కు తిరిగి ముడుచుకోవాలని చూస్తుంది, ఆ లాగుడే రెండు భాగాల్నీ పట్టి ఉంచుతుంది. తక్కువ సాగితే ఇంజన్ అదురుకి వదులవుతుంది. హద్దు దాటి సాగితే ఇక ముడుచుకోదు, మెడ సన్నబడి ఎప్పుడో తెగుతుంది. మనకి కావలసింది ఈ సాగుడు. పానాకి తగిలేది మాత్రం తిప్పడానికి అడ్డొచ్చే బలం. ఈ రెండూ ఒకటి కావు. నువ్వు పెట్టే బలంలో సుమారు సగం బోల్టు తల కింద రాపిడికే పోతుంది. ఇంకో నలభై శాతం థ్రెడ్ల రాపిడికి పోతుంది. బోల్టుని సాగదీసేది మిగిలిన పదో వంతే. 'చేతికి గట్టిగా తగిలింది' అన్న లెక్క చాలదని నేను చెప్పేది ఇందుకే. తుప్పు ఉన్న థ్రెడ్ చేతికి చాలా గట్టిగా తగులుతుంది, బోల్టు మాత్రం సాగనే సాగి ఉండదు. ఆ రాపిడి మారితే ఎంత ఖరీదైన టార్క్ రెంచ్ కూడా తప్పు లెక్కే చూపిస్తుంది.

అందుకని నా దృష్టిలో బిగించే పనిలో ఎక్కువ భాగం పానా ముట్టుకోకముందే అయిపోవాలి.

మన తీరంలో ఇది మరీ ముఖ్యం. పాకల, కొత్తపట్నం, రామాయపట్నం, ఇటు మైపాడు దాకా గాలిలో ఉప్పు ఉంటుంది. ఉక్కు బోల్టు, అల్యూమినియం కేసు, మధ్యలో ఉప్పు తేమ, ఈ మూడూ కలిస్తే అల్యూమినియం కరిగి తెల్లటి పొడిగా మారుతుంది. రొయ్యల గుంటల మీద తిరిగే ఇంజన్లు విప్పినప్పుడల్లా బోల్టు చుట్టూ ఆ సున్నం లాంటి పొడి కనబడుతుంది. నీ ఇంజన్‌లోనూ ఉంటుంది చూడు. ఆ పొడి రంధ్రం అడుగున గడ్డకట్టి కూర్చుంటే బోల్టు పూర్తిగా దిగకుండానే బిగువు తగులుతుంది. చీమకుర్తి వైపు తిరిగిన బళ్లకైతే గ్రానైట్ దుమ్ము చేరుతుంది, అది థ్రెడ్‌ని ఆకురాయిలా అరగదీస్తుంది.

రంధ్రాలు శుభ్రం చేయడానికి కొత్త ట్యాప్ వాడకు. ట్యాప్ ఉన్నది కోసే పనిముట్టు, అరిగిన థ్రెడ్‌లో తిప్పితే ఇంకాస్త లోహాన్ని చెక్కుకుని బయటికి తెస్తుంది. అదే సైజు, అదే చుట్ల పాత బోల్టు ఒకటి తీసుకుని హాక్సా బ్లేడుతో నిలువునా రెండు మూడు గాడులు కోయి. అంచులు ఆకురాయితో నున్నగా చెయ్యి. కాస్త డీజిల్ వేసి చేత్తో ముందుకీ వెనక్కీ తిప్పుతూ దించితే మురికంతా ఆ గాడుల్లో చేరి బయటికి వస్తుంది. తర్వాత గాలి కొట్టించు. కళ్లద్దాలు పెట్టుకో, అడుగున ఉన్న మురికి నేరుగా ముఖం మీదికి వస్తుంది.

అడుగు మూసుకుపోయిన రంధ్రాల విషయంలో ఇంకో జాగ్రత్త ఉంది. వాటిలో డీజిల్ గానీ ఆయిల్ గానీ చుక్క కూడా మిగలకూడదు. ద్రవాన్ని నొక్కినా కుంచించుకోదు. బోల్టు దిగుతుంటే అడుగున చిక్కిన ఆయిల్‌కి పోయే దారి ఉండదు, ఆ ఒత్తిడికి క్రాంక్‌కేసు పగులుతుంది. ఇంజెక్షన్ సిరంజితో లాగేసి, గుడ్డపీలిక మెలితిప్పి లోపల తుడువు.

ఆయిల్ రాయాలా అని అడిగావు. మాన్యువల్‌లో రాయమని ఉన్నచోట రాయి, ఏమీ చెప్పకపోతే శుభ్రంగా, పొడిగా బిగించు. పొడి థ్రెడ్ కోసం ఇచ్చిన అంకెతో ఆయిల్ రాసిన బోల్టుని బిగిస్తే రాపిడి తగ్గి బోల్టు పావు వంతుకి పైగానే ఎక్కువ సాగుతుంది. గ్రీజు, రాగి పేస్టు లాంటివి రాసినా ఇదే కథ. కవర్ బోల్టులకి ఉప్పు పట్టకుండా యాంటీ సీజ్ పేస్టు రాయడం మన ప్రాంతంలో మంచి అలవాటే. కాకపోతే రాసినచోట టార్క్ అంకెని కనీసం ఐదో వంతు తగ్గించు. ఆయిల్ రాయమని ఉన్నచోట థ్రెడ్‌కే కాదు, నట్టు కింద వాషర్ ముఖానికీ రాయాలి. సగం రాపిడి అక్కడే ఉందని చెప్పాను కదా.

తుప్పు పట్టదని స్టెయిన్‌లెస్ బోల్టులు వేయమని చాలామంది సలహా ఇస్తారు. కవర్లకి పేస్టు రాసి వేసుకో, అభ్యంతరం లేదు. హెడ్డుకి, సిలిండర్‌కి మాత్రం వద్దు. తల మీద 8.8 అని ఉన్న మామూలు ఉక్కు బోల్టు సాగి పాడయ్యే హద్దు చదరపు మిల్లీమీటరుకి 640 న్యూటన్లు. బజారులో దొరికే ఏ2-70 స్టెయిన్‌లెస్‌కి అది 450 మాత్రమే. పైగా పేస్టు లేకుండా వేస్తే స్టెయిన్‌లెస్ నట్టూ బోల్టూ ఒకదానికొకటి అతుక్కుపోతాయి. తల మీద ఏ గుర్తూ లేని హార్డ్‌వేర్ షాపు బోల్టుని ఇంజన్ లోపల ఎక్కడా వాడొద్దు, అది గేటుకి వేసుకునే రకం.

బోల్టు పెట్టే పద్ధతి కూడా ఉంది. రంధ్రంలో పెట్టి మొదట వెనక్కి, అంటే విప్పే వైపు తిప్పు. థ్రెడ్ మొదలు దొరికినప్పుడు సన్నగా టిక్కుమని దిగినట్టు వేలికి తెలుస్తుంది, అప్పుడు ముందుకి తిప్పు. మూడు నాలుగు చుట్లు వేళ్లతోనే ఎక్కాలి. ఎక్కకపోతే తీసి చూడాలే గానీ పానా వేయకూడదు. డ్రిల్ మెషీన్‌తోనో గన్‌తోనో ఎక్కించడం వర్క్‌షాపుల్లో చూసి ఉంటావు, ఇంట్లో ఆ పని చేయకు.

కవర్ బోల్టులన్నీ ఒకే పొడవు ఉండవు. అట్టముక్క మీద కవర్ బొమ్మ గీసి, దాని స్థానంలోనే ప్రతి బోల్టూ గుచ్చి ఉంచు. ఇప్పటికే కలిసిపోయి ఉంటే అన్నిటినీ కవర్‌లో వట్టిగా గుచ్చి చూడు, కవర్ మీద తలలన్నీ దాదాపు ఒకే ఎత్తులో నిలబడాలి. ఒకటి బాగా పైకి ఉంటే అది వేరే చోటిది. పొడవాటిది పొట్టి రంధ్రంలో వేస్తే అడుగుకి తగిలి కేసుని నెడుతుంది. పొట్టిది వేస్తే నాలుగు చుట్ల మీదే భారమంతా పడుతుంది. ఉక్కు బోల్టు అల్యూమినియంలోకి కనీసం తన మందానికి ఒకటిన్నర రెట్లు దిగాలి, అంటే 6 మి.మీ. బోల్టుకి 9 మి.మీ. లోతు.

టార్క్ రెంచ్ కొనగలిగితే కొను, కానీ చూసి కొను. బజారులో ఎక్కువగా దొరికే పెద్ద రెంచ్ 28 నుంచి 210 న్యూటన్ మీటర్ల వరకు పనిచేస్తుంది. 6 మి.మీ. బోల్టుకి కావలసింది 10. ఆ పెద్దదానితో ప్రయత్నిస్తే టిక్కుమనక ముందే థ్రెడ్ పోతుంది. నీకు ముందు కావలసింది పావు అంగుళం డ్రైవ్‌తో (సాకెట్ తగిలించే చదరపు మొన) 5 నుంచి 25 వరకు చూపించే చిన్నది. మెల్లగా, ఒకే ఊపులో లాగు. టిక్కుమనగానే ఆపు, నమ్మకం కోసం మళ్లీ ఇంకోసారి టిక్కుమనిపించకు. పని అయ్యాక స్ప్రింగుని కనిష్ఠ అంకెకి తెచ్చి దాచు. నట్లు ఊడదీయడానికి మాత్రం ఎప్పుడూ వాడకు.

అప్పటిదాకా స్ప్రింగ్ త్రాసు చాలు, చేపల బుట్టలు తూచే కొక్కెం త్రాసే. నట్టు మధ్య నుంచి పానా మీద కొక్కెం తగిలించే చోటికి దూరం కొలువు. అక్కడ త్రాసు తగిలించి పానాకి సరిగ్గా లంబంగా లాగు. త్రాసు చూపే కిలోలని 9.8తో, ఆ దూరాన్ని మీటర్లలో తీసుకుని దానితో గుణిస్తే న్యూటన్ మీటర్లు వస్తాయి. 25 సెం.మీ. దూరంలో 9 కిలోలు చూపితే సుమారు 22 న్యూటన్ మీటర్లు. 12 సెం.మీ. దూరంలో ఎనిమిదిన్నర కిలోలు అయితే 10. త్రాసు సరిగ్గా ఉందో లేదో తెలిసిన బరువు తగిలించి ముందే చూసుకో. పక్కకి వాలుగా లాగితే లెక్క తప్పుతుంది, అది ఒక్కటే దీనిలో ఇబ్బంది. జాగ్రత్తగా చేస్తే చేతి అంచనా కంటే ఎంతో మేలు.

విడిగా అంకె ఇవ్వని మామూలు బోల్టులకి హోండా మాన్యువళ్లలో ఉండే లెక్క 6 మి.మీ.కి 10, 8 మి.మీ.కి 22, 10 మి.మీ.కి 34 న్యూటన్ మీటర్లు. పావు అంగుళం స్క్రూలని కూడా అల్యూమినియంలో 10 దాటించకు. హెడ్డు నట్ల అంకె మాత్రం నీ మోడల్ మాన్యువల్‌లోనే చూడు, ఎవరి నోటి మాటా నమ్మొద్దు, నాదైనా సరే.

హెడ్డు బిగించే వరుస అంకె అంత ముఖ్యం. నులక మంచం ఒక పక్కే లాగి బిగిస్తే పట్టె వంకరపోయినట్టు, ఒక నట్టు పూర్తిగా బిగించి రెండో దానికి పోతే హెడ్డు అటు వాలి, రెండో వైపు గ్యాస్కెట్ (హెడ్డు కింద వేసే పల్చటి పొర) నలగకుండా మిగులుతుంది. గ్యాస్ లీకయ్యేది అక్కడే. నట్లన్నీ ముందు చేత్తో ఆనించు. తర్వాత ఎదురెదురుగా పోతూ చివరి అంకెలో మూడో వంతుకి, తర్వాత మూడింట రెండు వంతులకి, ఆపైన పూర్తిగా బిగించు. చివరి విడతలో నట్టు కదులుతూ ఉండగానే అంకె అందాలి. ఆగిపోయిన నట్టుని మళ్లీ కదపాలంటే ఎక్కువ బలం కావాలి, ఆ బలాన్నే రెంచ్ బిగువనుకుని టిక్కుమంటుంది. కాబట్టి మధ్యలో ఆగితే ఆ నట్టుని కాస్త వదులు చేసి మళ్లీ లాగు. ఎప్పుడైనా హెడ్డు విప్పాల్సి వస్తే ఇదే వరుసని తిరగేసి, చల్లారిన ఇంజన్ మీద కొంచెం కొంచెంగా వదులు చెయ్యి. వేడి మీద విప్పితే హెడ్డు వంకరపోతుంది.

స్టడ్లు, అంటే తల లేకుండా రెండు చివర్లా మర ఉండే కడ్డీలు, బిగువుగా ఎక్కించే వస్తువులు కావు. రెండు నట్లు ఒకదాని మీద ఒకటి బిగించి, పై నట్టుని పట్టుకుని స్టడ్డుని లోపలికి తిప్పు. అడుగుకి ఆనాక కాస్త చేతి బిగువు చాలు. లాగుడంతా పైన నట్టు బిగించినప్పుడు వస్తుంది. స్టడ్ ఎక్కించే ముందు రంధ్రం అంచు మీద స్టీలు స్కేలు నిలబెట్టి చూడు. పాత లాగుడుకి రంధ్రం చుట్టూ అల్యూమినియం గుబ్బలా పైకి లేచి ఉంటే సిలిండర్ ఆ గుబ్బ మీదే కూర్చుంటుంది. పెద్ద డ్రిల్ బిట్‌ని చేత్తో రెండు తిప్పులు తిప్పి ఆ గుబ్బ తీసేయి.

టైమింగ్ వైపు క్రాంక్ షాఫ్ట్ మీద ఆయిల్ పంపుని తిప్పే వర్మ్ నట్టు ఎడమ మర. మామూలు నట్టులా విప్పబోతే బిగుస్తుంది. ఇంకా విప్పకపోతే గుర్తుంచుకో, విప్పేసి ఉంటే బిగించేటప్పుడు గుర్తుంచుకో.

థ్రెడ్ లాక్ ద్రవం వాడమన్న చోట నీలం రంగు, మధ్యరకం బలం ఉన్నదే వాడు. జిడ్డు ఉంటే అది పట్టదు, పెట్రోలుతో కాకుండా బ్రేక్ క్లీనర్‌తో కడిగి ఆరనివ్వు. ఒకటి రెండు చుక్కలు చాలు, పూర్తి బలం రావడానికి ఒక రోజు ఆగాలి. ఎర్ర రకం జోలికి వెళ్లకు, దాన్ని విప్పాలంటే సుమారు 250 డిగ్రీల వేడి పెట్టాలి.

పాడైన ఆ రెండు రంధ్రాల సంగతికి వస్తాను. ఎం-సీల్, దారం, టేపు ఏదీ పెట్టకు. ముందు లోతు కొలువు. పాత స్క్రూ దిగినంత మేర థ్రెడ్ పోయినా, దాని కింద మంచి థ్రెడ్ మిగిలి ఉంటే అదే రకం పొడవాటి స్క్రూతో గట్టెక్కొచ్చు. మిగలకపోతే హెలికాయిల్ వేయించు. స్ప్రింగు లాంటి ఉక్కు తీగ చుట్ట అది. మెత్తటి అల్యూమినియంలో అది అసలు థ్రెడ్ కంటే గట్టిగా నిలుస్తుంది, అతుకు వేశారని నువ్వు బాధపడనక్కర్లేదు. నీ విషయంలో కలిసొచ్చేది ఒకటుంది. 6 మి.మీ. హెలికాయిల్‌కి వేసే డ్రిల్ 6.3 మి.మీ., పాత పావు అంగుళం థ్రెడ్ బయటి కొలత 6.35. ఆ డ్రిల్‌తో పాత థ్రెడ్ దాదాపు పూర్తిగా పోతుంది. దాని ప్రత్యేక ట్యాప్ ఇంకా వెడల్పు, కాబట్టి కొత్త గాడి మంచి లోహంలోనే పడుతుంది. ఆ రెండు చోట్లా నువ్వు కొన్న 6 మి.మీ. ఆలెన్ బోల్టులే పనికొస్తాయి. కవర్ లోపలి వైపు ఆ రెండు రంధ్రాల దగ్గర 6 అని పంచ్‌తో గుర్తు కొట్టు, రేపు విప్పేవాడికి తెలియాలి.

డ్రిల్ నిలువుగా దిగడమే ఇందులో కష్టం. చేతి డ్రిల్‌తో నువ్వు చేయకు. క్రాంక్‌కేసు ఇంకా విడిగానే ఉంటే ఒంగోలులోనో నెల్లూరు ఆటోనగర్‌లోనో లేత్ షాపుకి పట్టుకెళ్లి డ్రిల్ ప్రెస్ మీద వేయించు. కేసు జోడించేసి ఉంటే రజను లోపల పడకుండా చుట్టూ గుడ్డలు కుక్కి, డ్రిల్‌కీ ట్యాప్‌కీ గ్రీజు పూసి చేయమను. చుట్ట పై అంచు ముఖం కంటే అర చుట్టు లోపలికి ఉండాలి. ఎక్కించాక దాని అడుగు తోక విరిచి, ఆ ముక్క బయటికి వచ్చిందో లేదో నీ కళ్లతో చూసుకో. అది ఆయిల్ పంపులోకి పోతే ఇంజన్ మళ్లీ విప్పాల్సిందే.

స్పార్క్ ప్లగ్గుని టార్క్ రెంచ్ లేకుండానే సరిగ్గా బిగించొచ్చు. కొత్త వాషర్ ఉన్నదైతే చేత్తో పూర్తిగా ఆనించి, ఆపైన అర చుట్టు నుంచి మూడింట రెండు వంతుల చుట్టు. వాడిన ప్లగ్గే తిరిగి పెడితే చుట్టులో పన్నెండో వంతు చాలు, ఆ వాషర్ ఇప్పటికే నలిగి ఉంటుంది. ప్లగ్గు థ్రెడ్‌కి ఏమీ రాయకు.

మొదటిసారి స్టార్ట్ చేసి వేడెక్కించాక రాత్రంతా చల్లారనివ్వు. గ్యాస్కెట్ కొద్దిగా నలిగి కూర్చుంటుంది కాబట్టి మర్నాడు పొద్దున చల్లటి ఇంజన్ మీద హెడ్డు నట్లు అదే వరుసలో, ఒక్కోటీ కాస్త వదులు చేసి మళ్లీ అదే అంకెకి బిగించు. ఆ తర్వాత వాల్వ్ క్లియరెన్స్ (వాల్వు దగ్గర వదలాల్సిన సందు) చూడు, హెడ్డు దిగితే అదీ మారుతుంది. కవర్ బోల్టులు ఆ రోజు ముట్టుకోకు. ఆయిల్ చెమ్మ కనబడిన చోట మాత్రం ఆ బోల్టుని త్రాసుతో ఒకసారి సరిచూడు.